గాయపడిన పులి వెంట నడిచిన జిమ్ కార్బెట్

హిమాలయ పాదసీమలోని చంపావత్ సమీపాన 1907లో నేలకూలిన ఆడపులి నేపాల్‌లోను, కుమావూన్ కొండల్లోను కలిపి 436 మందిని పొట్టన పెట్టుకున్నదని లెక్క. అంతటి మృగాన్ని మట్టుపెట్టిన 31 ఏళ్ల రైల్వే కాంట్రాక్టరు దాని నోరు తెరిచి పరిశీలించారు. కుడివైపు పైకోర సగానికి విరిగి ఉంది. కింది కోర ఎముక వరకు పోయింది. రెండూ ఏనాడో తగిలిన తుపాకీ గుండు చేసిన గాయాలే. కోరలు పోయిన పులి సాంబారును గాని, అడవిపందిని గాని పట్టి లొంగదీయజాలదు. పరుగెత్తలేని, కొమ్ములు లేని, చర్మం మందం లేని ప్రాణి మనిషి ఒక్కడే దానికి మిగిలాడు. ఎవరో వేటగాడు పేల్చి, ప్రాణం తీయలేక, వెదకి ముగించే ఓపిక లేక వదిలివేసిన ఒకే ఒక్క గుండుకు నాలుగు వందలకు పైగా కుటుంబాలు మూల్యం చెల్లించాయని ఆ కాంట్రాక్టరు తేల్చుకున్నారు. ఆయన పేరు ఎడ్వర్డ్ జేమ్స్ కార్బెట్. లోకానికి జిమ్ కార్బెట్.

కార్బెట్ అనగానే మనకు గుర్తుకు వచ్చేది నరభక్షక పులులను వేటాడిన సాహసి, లేదా ఆయన పేరు ధరించిన అభయారణ్యం. ఈ రెంటి నడుమ మరుగున పడిన సంగతి ఒకటున్నది. గుండు జంతువు శరీరంలో ఏమి చేస్తుంది, ఏమి చేయలేదు అన్న ప్రశ్న ఆయన జీవితమంతటా వెంటాడింది. ఆయన చంపిన పులుల్లో అనేకం అంతకు మునుపు ఇతరుల గుండ్లు తిని బతికినవే. వేటగాళ్లు గొప్పగా చెప్పుకునేది పడిపోయిన జంతువు గురించి. కార్బెట్ లెక్క కట్టింది పడిపోకుండా తప్పించుకున్న జంతువు గురించి.

ఒక గొట్టం పగిలిన తుపాకీ

కార్బెట్ 1875 జూలై 25న నైనిటాల్‌లో జన్మించారు. తండ్రి అక్కడి పోస్టుమాస్టరు. జిమ్‌కు ఆరేళ్ల వయసు నిండక మునుపే ఆయన కన్నుమూశారు. పెద్ద కుటుంబం, చిన్న ఆదాయం. చలికాలం రాగానే ఇంటిల్లిపాదీ కొండ దిగి, కాలాధుంగి గ్రామంలోని ఇంటికి చేరేవారు. ఆ ఇంటి చుట్టూ ఉన్న అడవే పిల్లవానికి బడి. ఉండేలుతో మొదలుపెట్టి, విల్లంబుల మీదుగా, చివరకు నోటినుంచి మందు దట్టించే జంటగొట్టాల తుపాకీ చేతికి వచ్చింది. దాని కుడి గొట్టం పగిలిపోయి ఉంది. ఒక్క ఎడమ గొట్టంతోనే కాల్చాలి. ఒకసారి పేలిస్తే మళ్లీ మందు పోసి, గుండు వేసి, దట్టించేదాకా చేతిలో ఉన్నది కర్రతో సమానం. తొందరపడి పేల్చే అలవాటు ఈ తుపాకీ వల్లనే ఆయనకు అబ్బలేదనిపిస్తుంది.

ఆ తర్వాత నైనిటాల్ పాఠశాల కేడెట్ దళంలో ఉండగా అరువు దొరికిన .450 మార్టినీ రైఫిల్‌తో ఆయన తన మొదటి చిరుతను కొట్టారు. సైన్యానికి చేసిన ఆ రైఫిల్ భుజాన్ని గుర్రం తన్నినట్లు తన్నేది. గాయపడి పొదల్లోకి పోయిన ఆ చిరుతను పిల్లవాడు వెదుక్కుంటూ వెళ్లి ముగించి వచ్చాడు. పారిపోయిన జంతువును వదలి ఇంటికి రాకూడదన్న నియమం అప్పటినుంచే ఆయనతో ఉన్నది.

పద్దెనిమిదో ఏట చదువు మానుకుని రైల్వేలో చేరారు. మొదట ఇంజన్లకు కట్టెలు సమకూర్చే పని. తర్వాత బీహారులోని మొకామా ఘాట్‌లో గంగానది ఒడ్డున సరుకును ఒక రైలు నుంచి మరొక రైలుకు మార్పించే కాంట్రాక్టు. అక్కడే ఇరవై ఏళ్లకు పైగా గడిపారు. కూలీలతో కలిసి బస్తాలు మోసి, వచ్చిన లాభంలో వారికి వాటా పెట్టిన యజమానిగా ఆ ఘాట్ చరిత్రలో ఆయనకు వేరే స్థానం ఉంది. పులుల వేట ఆయన వృత్తి కాదన్న సంగతిని పాఠకులు తరచు మరచిపోతుంటారు. సెలవు పెట్టి, సొంత ఖర్చుతో వెళ్లి చేసిన పని అది. నరభక్షక మృగాన్ని చంపడానికి ఒప్పుకునే ముందు ఆయన ప్రభుత్వానికి రెండు షరతులు పెట్టేవారు: ప్రకటించిన బహుమతిని రద్దు చేయాలి, ఇతర వేటగాళ్లను అడవినుంచి వెనక్కు పిలవాలి. డబ్బుకోసం చంపాడన్న మాట పడకూడదన్నది ఒక కారణం. బహుమతికి ఆశపడిన పదిమంది పొదల్లోకి గుడ్డిగా పేల్చే తుపాకీలు పులికన్న ప్రమాదకరమన్నది రెండవది.

గుండు చేసే పని

ఇక్కడ కాస్త ఆగి గుండు సంగతి చెప్పుకోవాలి. వాడుకలో తూటాను, గుండును ఒకటిగానే అంటాము. తుపాకీలో పెట్టే ఇత్తడి గొట్టం, అందులోని మందు, కొసన బిగించిన లోహపు ముక్క కలిపి తూటా. అందులోనుంచి దూసుకుపోయి జంతువుకు తగిలే లోహపు ముక్క ఒక్కటే గుండు.

కార్బెట్ పుట్టేనాటికి గుండు అంటే మెత్తని సీసపు ముద్ద. దాన్ని తోసేది నల్లమందు. ఆ మందుతో వేగం ఒక హద్దు దాటదు. కనుక పెద్ద జంతువును పడగొట్టాలంటే గుండు బరువు పెంచడమొక్కటే మార్గం. 19వ శతాబ్ది నడుమ సిలోన్‌లో ఏనుగులను వేటాడిన శామ్యూల్ బేకర్ వంటివారు భారీ గుండ్లను కోరుకున్నది అందుకే. ఆనాటి లెక్కలో నాలుగు బోర్ తుపాకీ అంటే పౌను సీసంతో నాలుగే గుండ్లు వస్తాయని అర్థం. ఒక్కొక్క గుండు 113 గ్రాములు. దాన్ని పేల్చినవాడి భుజం ఏమయ్యేదో ఊహించుకోవలసిందే.

1890 దశకంలో పొగలేని మందు వచ్చింది. నల్లమందు కన్న ఎన్నో రెట్లు శక్తి గల కార్డైట్ చిన్న గుండుకు పెద్ద వేగాన్ని ఇచ్చింది. అయితే ఆ వేగానికి ఉత్త సీసం గొట్టంలోనే అరిగి కరిగిపోతుంది. అందువల్ల సీసానికి గట్టి లోహపు తొడుగు వేశారు. దానితో కొత్త చిక్కు వచ్చింది. నిండుగా తొడుగు ఉన్న సన్నని గుండు శరీరంలో ఒక వైపు దూరి, చిన్న రంధ్రం చేసి, రెండో వైపు బయటపడి పోయేది. బ్రిటిష్ సేనలు వాయవ్య సరిహద్దులో ఈ సంగతి గమనించాయి. కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఆయుధ కర్మాగారం ఇందుకు ఉపాయం కనిపెట్టింది. గుండు ముక్కు దగ్గర తొడుగును తొలగించి, సీసాన్ని బయటకు కనిపించేలా వదిలారు. తగలగానే ముక్కు పుట్టగొడుగులా విచ్చుకుని, గాయాన్ని వెడల్పు చేసి, తన శక్తినంతా లోపలే ఖర్చుపెడుతుంది. ఆ ఊరి పేరు ప్రపంచ భాషలన్నిటిలోకి ఎక్కింది. 1899లో హేగ్ సమావేశం ఇటువంటి గుండ్లను యుద్ధంలో నిషేధించింది.

విచిత్రం ఏమంటే, మనిషిపై క్రూరమని నిషేధించిన అదే గుండు వేటలో జంతువుకు దయ చూపేదిగా పరిగణన పొందింది. నేటికీ పలు దేశాల్లో నిండు తొడుగు గుండుతో లేళ్లవంటి జంతువులను వేటాడడం చట్టరీత్యా నేరం. యుద్ధంలో శత్రువు గాయపడితే చాలు, వేటలో మాత్రం జంతువు వెంటనే చనిపోవాలి. తేడా అక్కడుంది.

పెద్ద జంతువు వెంటనే చనిపోవడానికి మార్గాలు రెండే. మెదడుకో, మెడ దగ్గరి వెన్నుపాముకో గుండు తగిలితే ఉన్నచోటనే కూలుతుంది. లేదా గుండె, ఊపిరితిత్తులు, పెద్ద రక్తనాళాలు తెగి, మెదడుకు రక్తం అందక ప్రాణం పోవాలి. ఈ రెండో దారిలో కొంత వ్యవధి తప్పదు. గుండె ఛిద్రమైన జంతువు కూడా మెదడులో మిగిలిన ప్రాణవాయువుతో పది, పదిహేను సెకన్లు కదలగలదు. ఆ వ్యవధిలో పులి నూరు మీటర్లు దూకి రాగలదు. చచ్చిన పులి చేతిలో చచ్చిన వేటగాళ్లు అడవి కథల్లో అంతమంది ఉండడానికి కారణం ఇదే.

జంతువును బట్టి గుండు మారాలి. పులి చర్మం పలుచన, ఎముక మరీ మందం కాదు. దానికి మెత్తని ముక్కు గుండు కావాలి. అడవిదున్నకు, ఏనుగుకు అదే గుండు వాడితే చర్మం, కండ, ఎముక దాటి లోపలికి పోకముందే చితికి ఆగిపోతుంది. వాటికి నిండు తొడుగు గుండే శరణ్యం. అయితే పులి విషయంలోనూ మెత్తని ముక్కు గుండుకు ఒక దోషముంది. మరీ దగ్గరనుంచి, మరీ వేగంగా వచ్చి జబ్బ ఎముకకు తగిలితే తొడుగు ఒకవైపు, సీసం ఒకవైపు విడిపోయి, పైపైనే పెద్ద పుండు చేసి ఆగవచ్చు. చూడటానికి భయంకరమైన గాయం, ప్రాణానికి ముప్పు లేనిది. పులి నెలల తరబడి కుంటుతుంది, బతుకుతుంది, ఆకలి గొంటుంది.

ఇక ఊళ్లలోని నాటు తుపాకీల సంగతి చెప్పనక్కరలేదు. వాటిలో సీసమే వేస్తారన్న నమ్మకం లేదు. మేకులు, ఇనుప ముక్కలు, ఏది దొరికితే అది. పంటను పందులనుంచి కాపాడుకోవడానికి రైతులకు లైసెన్సుపై ఇచ్చిన తుపాకీలు రాత్రివేళ పొలం గట్టున కదిలిన ప్రతి నీడ మీదా పేలేవి. రైతును తప్పుపట్టి లాభం లేదు. ఏడాది గింజలు పోతుంటే ఎవరూ గురి చూసుకుంటూ కూర్చోరు.

చంపావత్ పాఠం

చంపావత్ వేటలోనే ఇవన్నీ ఒకే మధ్యాహ్నం కార్బెట్‌కు ఎదురయ్యాయి. తహశీల్దారు చొరవతో 298 మంది పల్లెజనం డప్పులు, గొడ్డళ్లు, తుపాకీలతో కొండ అంచున బారులు తీరారు. లైసెన్సు లేని తుపాకీలను ఆ ఒక్కరోజు చూసీచూడనట్లు వదిలేస్తామని అధికారి హామీ ఇవ్వగా ఎక్కడెక్కడో దాచినవన్నీ బయటపడ్డాయి. కార్బెట్ చేతిలో .500 కార్డైట్ రైఫిల్, జేబులో మూడే మూడు తూటాలు. అంతకన్న అవసరం రాదని ఆయన అంచనా.

అంచనా తప్పింది. పులి బయటపడగానే తహశీల్దారు రెండు గొట్టాలూ పేల్చారు, తగలలేదు. కార్బెట్ మొదటి గుండు కూడా వృథా అయింది. తర్వాతి రెండు గుండ్లు పులికి తగిలాయి. అయినా అది పడలేదు. తూటాలు అయిపోయాయి. ఆయన పరుగున పోయి తహశీల్దారు తుపాకీ అందుకుని వచ్చారు. గొట్టానికి, తూటా పెట్టేచోటికి మధ్య సందు పడి, పేలిస్తే కాల్చినవాడి కన్ను పోగొట్టేలా ఉందది. ఇరవై అడుగుల దూరం నుంచి తెరిచిన నోటికి గురిపెట్టి కాల్చగా గుండు కుడి పంజాకు తగిలింది. పులి బండ మీదనుంచి ముందుకు వాలి పడిపోయింది. దాన్ని చంపింది ఈ చివరి దెబ్బ కాదు. అంతకు మునుపు తగిలిన రెండు గుండ్లు లోపల తమ పని అప్పటికే ముగించాయి.

ఈ ఘటనను వీరగాథగా చెప్పుకునేవారు ఆ చివరి దెబ్బ దగ్గర ఆగిపోతారు. కార్బెట్ మాత్రం తాను చాలినన్ని తూటాలు తీసుకుపోకపోవడాన్ని, మొదటి గుండు తప్పడాన్ని దాచలేదు. తన పొరపాటును రాసిపెట్టే వేటగాడు అరుదు. ఆయన పుస్తకాలకు విశ్వసనీయత తెచ్చింది చాలావరకు ఈ గుణమే.

ఈ వేటకు గుర్తింపుగా సంయుక్త రాష్ట్రాల లెఫ్టినెంట్ గవర్నరు సర్ జాన్ హెవెట్ ఆయనకు లండన్‌లోని రిగ్బీ కంపెనీ చేసిన .275 రైఫిల్ బహూకరించారు. ఏడు మిల్లీమీటర్ల గుండు, బరువు సుమారు తొమ్మిది గ్రాములు, వేగం సెకనుకు 800 మీటర్లకు పైన. పెద్ద జంతువులకు ఇది చాలదని పెదవి విరిచినవారు ఆనాడూ ఉన్నారు. అయితే ఆఫ్రికాలో వాల్టర్ బెల్ అనే వేటగాడు వెయ్యికి పైగా ఏనుగులను చంపాడు. వాటిలో అధికభాగం ఇదే కొలత గల నిండు తొడుగు గుండుతో కూలినవే. ఏనుగు పుర్రెలో మెదడు ఎక్కడుంటుందో అతడికి కచ్చితంగా తెలుసు. గుండు ఎంత పెద్దదన్న ప్రశ్న కన్న ఎక్కడ తగిలిందన్న ప్రశ్నే ముందు వస్తుందని ఈ ఉదాహరణ చూపింది. అది చూసి గురి లేనివారు సైతం చిన్న రైఫిళ్లు పట్టుకుని అడవికి పోయి జంతువులను హింసించారన్నది దాని మరో ముఖం.

కార్బెట్ దగ్గర .450/400 జంటగొట్టాల రైఫిల్ కూడా ఉండేది. దాని గుండు 26 గ్రాములు, వేగం సెకనుకు 650 మీటర్ల దరిదాపుల్లో. చేరవేసే శక్తి చిన్న రైఫిల్‌కు దాదాపు రెట్టింపు. కొండలెక్కి మైళ్ల కొద్దీ నడవాల్సిన రోజున తేలికైన .275, పొదలో గాయపడిన పులి ఉందని తెలిసిన రోజున బరువైన జంటగొట్టాల తుపాకీ. ఎంపిక సూత్రం ఇంతే. 1930 ఏప్రిల్ 11న చౌగఢ్ ఆడపులి ఎదురైనప్పుడు ఆయన ఎడమచేతిలో ఒక పిట్ట గుడ్లున్నాయి. గుడ్లు సేకరించే అలవాటు కొద్దీ తీసుకున్నవి. ఎనిమిది అడుగుల దూరంలో పులి కూర్చుని చూస్తోంది. చటుక్కున కదిలితే మీద పడుతుంది. కుడిచేతితోనే రైఫిల్‌ను అంగుళం అంగుళం తిప్పి పేల్చారు. గుండు వెన్నెముక పైభాగాన్ని పగులగొట్టి గుండెలోంచి దూసుకుపోయింది. ఒంటిచేత్తో అలా తిప్పడానికి వీలయింది ఆ రైఫిల్ తేలిక కాబట్టే. బరువైన జంటగొట్టాల తుపాకీ చేతిలో ఉండి ఉంటే ఆ కథ చెప్పడానికి ఆయన మిగిలేవారు కాదేమో. 64 మందిని చంపిన పులి అది. అంతకు ముందటి ఏడాది దానికి తోడుగా తిరుగుతున్న పెరిగిన పిల్లను, తల్లి అనుకుని ఆయన పొరపాటున కొట్టారు. దానినీ దాచలేదు.

పాత గాయాల పట్టిక

కార్బెట్ చంపిన ప్రతి నరభక్షక పులి కళేబరాన్నీ విప్పి చూసేవారు. శవపరీక్ష చేసే వైద్యుని వలె గాయాలను వెదికేవారు. ముక్తేశ్వర్ పులికి ఒక కన్ను లేదు. ముంగాలిలో, పంజా కింద దాదాపు యాభై ఏదుపంది ముళ్లు దిగి ఉన్నాయి. మోహన్ పులి కాలిలోనూ ముళ్లే. 1938 నవంబరు 30న థాక్ గ్రామం దగ్గర చంపిన ఆడపులికి రెండు పాత తుపాకీ గాయాలు కనిపించాయి. జబ్బ మీది గాయం చీము పట్టి ఉంది. అది ఆయన చంపిన ఆఖరి నరభక్షక పులి. అప్పటికి ఆయన వయసు 63. చీకటి పడే వేళ మగపులి గొంతును అనుకరించి దాన్ని రప్పించారు. జంటగొట్టాలు పేల్చగానే ఆ భారీ రైఫిల్ ఎదురుదెబ్బకు కూర్చున్న చోటునుంచి జారి, కింద ఉన్న తన మనుషుల మీద పడ్డారు.

ఈ పట్టికను బట్టి ఆయన ఒక నిర్ణయానికి వచ్చారు. పులి సహజంగా మనిషి జోలికి రాదు, గాయమో వార్ధక్యమో దాన్ని ఆ దారి పట్టిస్తుంది. గాయాలలో అధికభాగం అజాగ్రత్తగా పేల్చి, వెంటాడి ముగించకుండా వదిలేసిన తుపాకీలవే. మిగిలినవి ఏదుపందులతో తగాదా పెట్టుకుని తెచ్చుకున్నవి.

చిరుతల విషయంలో ఆయన వేరే కారణం చెప్పారు. 1918 నాటి విషజ్వరంలో దహనానికి కట్టెలు, మనుషులు చాలక లోయల్లోకి తోసిన శవాలను తిని చిరుతలు మనిషి మాంసం మరిగాయన్నది ఆయన అభిప్రాయం. గఢ్వాల్‌లో బదరీ, కేదార యాత్రికుల దారిని ఎనిమిదేళ్లు భీతావహం చేసి, 125 మందిని చంపిన రుద్రప్రయాగ చిరుత కథ అది. అయితే ఆ కథలోనూ ఒక గుండు ఉన్నది. 1921లో ఇద్దరు యువ అధికారులు రుద్రప్రయాగ వంతెన బురుజులపై రాత్రి కాపువేసి దాని మీద కాల్పులు జరిపారు. గుండు అరికాలిని మాత్రం చీల్చింది. చిరుత తప్పించుకుంది. 1926 మే నెల మొదట్లో గోలాబ్రాయ్ వద్ద మామిడిచెట్టెక్కి కార్బెట్ దాన్ని చంపేదాకా మరో ఐదేళ్లు అది బతికింది. ఆ ఐదేళ్లలో పోయిన ప్రాణాలు ఎన్నో ఆ అరికాలి మచ్చ చెప్పదు.

కార్బెట్ వాదనను యథాతథంగా ఒప్పుకోవలసిన పనిలేదు. ఆయన పరిశీలించిన పులులు కొన్ని మాత్రమే. అదే కాలంలో అడవులు నరికి రైలు పట్టాలకు దుంగలు పంపారు, పొలాలు అడవిలోకి జరిగాయి, పులి తినే జంతువులు తరిగిపోయాయి. గాయం లేని పులులు కూడా మనుషులను చంపిన ఉదంతాలు సుందరవనాల్లో కోకొల్లలు. గుండు ఒక్కటే కారణమంటే మిగతా కారణాలను కప్పిపెట్టినట్లవుతుంది. అయినా మనిషి చేతిలో ఉండి, మనిషి సరిదిద్దుకోగల కారణం అదొక్కటే గనుక కార్బెట్ దానినే పట్టుకున్నారు. గాయపడిన జంతువు వెంట నడిచేటప్పుడు ఆయన చదివే లిపి వేరు. తెగిపడిన వెంట్రుకను బట్టి గుండు ఏ భాగాన తగిలిందో తెలుస్తుంది. నురుగు కలిసిన లేత ఎరుపు రక్తం ఊపిరితిత్తిది, దగ్గరలోనే పడి ఉంటుంది. చిక్కని ముదురు రక్తమైతే దూరం నడవాలి. రక్తంతో పాటు ఆకుపచ్చని పసరు కనిపిస్తే కడుపుకు తగిలినట్లు, అది రోజుల తరబడి బాధపడి చస్తుంది. అటువంటి జంతువును వెదకక వదలడం కార్బెట్ దృష్టిలో క్షమించరాని పని.

లెక్కకు అందని వేట

ఆయన పుట్టిన 1875 నుంచి 1925 దాకా యాభై ఏళ్లలో భారతదేశంలో 80,000కు పైగా పులులు హతమయ్యాయని చరిత్రకారుల అంచనా. పులి తలకు ప్రభుత్వమే బహుమతి కట్టిన కాలమది. సంస్థానాధీశులకు, వైస్రాయిలకు పులివేట రాచమర్యాద. కార్బెట్ ఆ లోకానికి బయట లేరు. వైస్రాయి లిన్‌లిత్‌గో వేటలకు ఆయనే ఏర్పాట్లు చూసేవారు. పోవల్‌గఢ్ అడవిలో ఎవరికీ హాని చేయని ప్రసిద్ధమైన మగపులిని 1930లో ఆయన కేవలం దాని పరిమాణం కోసం కొట్టారు. ఈ మచ్చను ఆయన అభిమానులు పట్టించుకోరు. పట్టించుకోవలసినదే.

అయితే ఆ దశాబ్దంలోనే ఆయన చేతిలో తుపాకీ స్థానాన్ని క్రమంగా సినిమా కెమెరా ఆక్రమించింది. 1936లో హెయిలీ జాతీయ వనం ఏర్పాటుకు కృషి చేసినవారిలో ఆయన ఒకరు. 1944లో వెలువడిన ఆయన తొలి ప్రసిద్ధ గ్రంథం కుమావూన్ నరభక్షకుల కథలు ఖండాంతరాల్లో అమ్ముడుపోయింది. దక్షిణాదిన అదే బాటలో రాసిన కెన్నెత్ ఆండర్సన్ అప్పటి చిత్తూరు జిల్లా మామండూరు, చామల అడవుల గురించి చెప్పిన కథలను తెలుగు పాఠకులు కొందరైనా ఎరుగుదురు.

1947లో కార్బెట్ తన సోదరి మ్యాగీతో కలిసి దేశం విడిచి కెన్యాలోని న్యేరీలో స్థిరపడ్డారు. కాలాధుంగి పక్కన తాను కొని, పులులు పందుల బెడదనుంచి కాపాడేందుకు చుట్టూ గోడ కట్టించిన ఛోటీ హల్ద్వానీ భూములను సాగుచేసే రైతులకు వదిలివెళ్లారు. ఆయన వెళ్లిన ఆ రోజుల్లోనే ప్రపంచం మరోవైపున గుండు కథ కొత్త మలుపు తిరిగింది. 1946లో కెనడాలో వేటకు వెళ్లిన జాన్ నోస్లర్ అనే అమెరికన్, తాను కొట్టిన దుప్పి ఒంటికి పట్టిన బురద మీదే గుండ్లు చితికి ఆగిపోవడం చూశాడు. గుండు నడుమ లోహపు అడ్డుగోడ ఉంచి, ముందు సగం విచ్చుకునేలా, వెనుక సగం చెదరకుండా లోపలికి పోయేలా తయారుచేశాడు. 1948 నుంచి అది అమ్మకానికి వచ్చింది. వేగం, విచ్చుకోవడం, లోతుకు పోవడం అనే మూడు గుణాల పొత్తు కుదరక వేటగాళ్లు అరవై ఏళ్లుగా పడిన తంటాకు అది ఒక పరిష్కారం. కార్బెట్ అటవీ జీవితం అప్పటికే ముగిసింది.

స్వాతంత్ర్యానంతరం మన దేశంలో తుపాకీ లైసెన్సులు పెరిగాయి, జీపులు వచ్చాయి, విదేశీ అతిథులకు పులిని చూపించి కొట్టించే వేట కంపెనీలు వెలిశాయి. రాత్రివేళ జీపు దీపం వెలుగులో మెరిసిన కళ్లకు గురిపెట్టి కొట్టి, తెల్లవారాక వెదకకుండా పోయే వేట అది. గాయపడి తప్పించుకున్నవి ఎన్నో ఏ దస్త్రంలోనూ లేవు. 1970లో పులివేటపై నిషేధం, 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాయి. ఆ ఏడాది లెక్కలో దేశంలో 1,827 పులులు మిగిలాయి. 1973 ఏప్రిల్ 1న ప్రాజెక్ట్ టైగర్‌ను ప్రారంభించిన చోటు కార్బెట్ పేరు పెట్టిన అదే జాతీయ వనం. 2022 లెక్కల ప్రకారం దేశంలో పులుల సంఖ్య సగటు అంచనా 3,682.

కార్బెట్ 1955 ఏప్రిల్ 19న న్యేరీలో మరణించారు. స్కౌటు ఉద్యమ స్థాపకుడు బేడెన్ పావెల్ సమాధి ఉన్న సెయింట్ పీటర్స్ చర్చి ఆవరణలోనే ఆయన సమాధి ఉంది. 1968లో చెకోస్లొవేకియా శాస్త్రజ్ఞుడు మజాక్ ఇండోచైనా పులికి కార్బెట్ పేరు పెట్టారు.

చంపావత్ పులిని చంపినందుకు ఇచ్చిన .275 రైఫిల్ ఆయన తదనంతరం ఆయన పుస్తకాలను ప్రచురించిన ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ దగ్గర ఉండిపోయింది. తర్వాత దాన్ని తయారుచేసిన రిగ్బీ కంపెనీయే తిరిగి సంపాదించుకుంది. 2016లో ఆ రైఫిల్‌ను ఒకసారి భారతదేశానికి తెచ్చి కుమావూన్ ప్రజలకు చూపించారు. దాని కర్ర పిడికి బిగించిన చిన్న లోహపు రేకు మీద హెవెట్ పేరు, చంపావత్ పేరు, 1907 సంవత్సరం చెక్కి ఉన్నాయి.